గదిలోంచి ఊఁ

2024 జనవరి 18, గురువారం, సాయంత్రం ఆరుంబావు. భిలాయి క్యాంప్ 1లోని ఇంట్లో రజనీకుమారి దేవుడి దగ్గర దీపం పెట్టి, మాస్కు తగిలించుకుని, తల్లి గది గడప బయట పీట వేసుకు కూర్చుంది. అన్న సింహాద్రి ఉక్కు ప్లాంటులో మధ్యాహ్నం బి షిఫ్టుకి వెళ్లాడు.

తల్లి వరలక్ష్మమ్మకి అల్జీమర్స్ వచ్చి రెండేళ్లు. తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించే అలవాటు కూడా మర్చిపోయింది. వారం కిందట వైరల్ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. "దగ్గు తగ్గినా మతిమరుపు ఒక్కసారిగా ముదరొచ్చు. వేరే గదిలో ఉంచండి, కానీ రోజూ మాట్లాడించండి," అన్నాడు డాక్టరు. అందుకే తలుపు ఓరగా వేసి, సందులోంచి పాత సంగతులు చెప్పించుకుంటోంది. అమ్మ చెబుతుంటే కూతురు ఊఁ కొట్టాలి. మధ్యలో లేవకూడదు. అది ఆ ఇంటి పద్ధతి.

"మీ తాత అప్పలసూరి ఒక్క ట్రంకుపెట్టెతో దుర్గ్‌లో రైలు దిగేడు. ఇంటన్నావేటే?"

"ఊఁ."

"హిందీ ముక్క రాదు. మూడ్రోజులు అరటిపళ్లే తిన్నాడు. వేలెట్టి చూపిస్తే ఇచ్చేది ఆ బండివాడొక్కడే మరి!"

రజని నవ్వింది. అంతలో వంటింట్లోంచి పాలు మాడిన వాసన. పరుగెత్తి స్టవ్ ఆపి వచ్చింది. నిమిషం కూడా పట్టలేదు.

లోపల అమ్మ చెబుతూనే ఉంది.

"...అప్పుడు క్యాంపులో అన్నీ రేకుల షెడ్లే."

"ఊఁ."

ఆ ఊఁ రజని అనలేదు.

సందులోంచి విక్స్ వాసన, జ్వరపు వెచ్చదనం. లోపల అమ్మ ఒక్కతే...

"అమ్మా," అంది గుసగుసగా, "ఆ రేకుల షెడ్లు ఎక్కడన్నావు?"

"ఏ షెడ్లు?"

రజనికి అర్థమైంది. ఆ లోపలి ఊఁ పడిన మాటేదీ అమ్మ దగ్గర మిగలడం లేదు. దానికంటే తనే ముందు ఊఁ అనబోయింది. ప్రతిసారీ అదే ముందు పలికింది.

"నాకు పెళ్లయింది..."

"ఊఁ."

"సింహాద్రి పుట్టేడు..."

"ఊఁ."

"తర్వాత దసరా నాడు ఆడపిల్ల. దాని పేరు..."

రజని తలుపు తోసింది. "చెప్పకమ్మా!"

"...రజని."

"ఊఁ." మంచం అవతల, గోడ వైపు నుంచి. అక్కడ ఎవరూ లేరు.

వరలక్ష్మమ్మ కూతుర్ని మర్యాదగా చూసింది. "ఎవరమ్మా మీరు? కూకోండి."

మర్నాడు పొద్దున్న జ్వరం దిగిపోయింది. చెల్లెలు చెప్పిందంతా విని సింహాద్రి తల్లి మంచాన్ని ముందుగదిలోకి మార్చాడు. "పంతులుగారిని పిలిచి ఆ గదికి శాంతి చేయిద్దామే," అన్నాడు.

"వద్దన్నయ్యా. దాన్ని తరిమేస్తే అమ్మ కూడా పోతుంది. అమ్మంతా ఇప్పుడు దాని దగ్గరే ఉంది."

రజని దేవుడికి దండం పెట్టుకుని, అమ్మ రోజూ పొద్దున్న తాగే గ్లాసెడు గంజి ఖాళీ గదిలో పెట్టి గొళ్లెం వేసింది. తొమ్మిదింటికి తీసింది.

గ్లాసు కడిగి బోర్లించి ఉంది. ఆ గదిలో చుక్క నీళ్లు లేవు.