గురువారం కత్తెర

గురువారం పదిన్నరకి, వాన దంచి కొడుతుండగా, క్యాంటీన్ వంటింట్లో కత్తెర విరిగింది.

టప్‌మని ఒక్కటే చప్పుడు. ఆ చప్పుడుకి పాలగిన్నె మీది మూత ఎగిరి కిందపడిందనీ, వీధి చివర నిద్రపోతున్న కుక్క లేచి నిలబడి నమస్కారం పెట్టిందనీ చెప్పుకుంటారు. కుక్క సంగతి ఎవరికీ తెలీదు గానీ, సానబాబు గుండె ఒక్క క్షణం ఆగి మళ్ళీ కొట్టుకోవడం మాత్రం నిజం.

సానబాబు అన్నది వాళ్ళమ్మ పెట్టిన పేరు కాదు. వీధి మొదట్లో కత్తులూ కత్తెరలూ నూరే కొట్టు అతనిది. ప్రతి గురువారం సంచిలో చేత్తో తిప్పే సానచక్రం వేసుకుని ఈ క్యాంటీన్‌కొస్తాడు. కూలి కింద ఒక గ్లాసు టీ. ఆ టీ ఇచ్చేది క్యాంటీన్ ఆవిడ కూతురు. కాగే నూనెలో నీళ్ళచుక్క పడ్డట్టు మాట్లాడుతుందని అందరూ ఆమెని చిటపట అంటారు.

"విరిగింది!" అంది చిటపట, ఒక చేతిలో కోడి కాలు, ఇంకో చేతిలో సగం కత్తెర పట్టుకుని. "ఇప్పుడే కదా నూరిచ్చావు? ఇచ్చి నిమిషం కాలేదు!"

"కోడి ముదురేమో."

"కోడి మీదికి తోస్తావేం? అది వచ్చి సాక్ష్యం చెప్పదనేగా!"

సానబాబు కిందపడిన ముక్కని తీసి వెలుతురులో పెట్టి చూశాడు. ఒకప్పుడు ఎముకని కాగితంలా కోసిన బ్లేడు అది. ఇప్పుడు ఉల్లిపొరలా ఉంది. ఎందుకలా అయిందో అతనికి తెలుసు.

ఆ కత్తెరకి ఆరునెలలకోసారి సాన పెడితే చాలు. కానీ రెండేళ్ళ కిందట మొదటిసారి నూరిచ్చాక, మళ్ళీ గురువారానికే మొద్దుబారింది రమ్మని కబురొచ్చింది. ఆపై వారం కూడా అంతే. ఎందుకలా అని అతను అడగలేదు. గుమ్మంలోకొచ్చిన అదృష్టాన్ని ఏ ఊరు నీది అని ఎవరైనా అడుగుతారా? పోనీ వచ్చినవాడు రెండు తిప్పులు తిప్పి పోతే సరిపోయేది. ఇరవై తిప్పేవాడు. టీ ఉన్నంతసేపూ తిప్పేవాడు. టీ గ్లాసు కడిగి బోర్లించాక కూడా తిప్పేవాడు. చిటపట మాట్లాడుతుంటే చెయ్యి దానంతటదే తిరిగేది.

అలా రెండేళ్ళపాటు ఒక కత్తెరని గుటకలు గుటకలుగా తాగేశాడు.

ఇంతలో చిటపటవాళ్ళమ్మ వంటింట్లోకొచ్చింది. "ఏమిటా చప్పుడు? వారానికో స్టీలు పీచు మాయమవుతోంది. ఎలుకలు ఎత్తుకుపోతున్నాయనుకుంటే, ఇప్పుడు కత్తెర మీద కూడా పడ్డాయా?"

విరిగిన ముక్కలు చూసింది. కంగారుపడలేదు. పిండిడబ్బా అడుగునుంచి ఒక కార్డు తీసి, పిండి దులిపింది. "ఇరవయ్యేళ్ళ గ్యారంటీ. కొని ఆరేళ్ళే. పాతది వాళ్ళ చేతిలో పెడితే కొత్తది ఇస్తారు. ఫోన్ చేస్తా, కంపెనీ మనిషి సోమవారం వచ్చి చూస్తాడు. పైగా ఇప్పుడొచ్చే రకానికి సానే అక్కర్లేదట!"

సానబాబుకి టీ పొలమారింది.

"ఎందుకండీ అమ్మగారూ కొత్తది? నేను అతికించి ఇస్తాను. అతికిన చోటు దేవుడొచ్చినా కనిపెట్టలేడు."

"వంటచేసే చోట అతుకుల ఇనుము నాకొద్దు నాయనా," అని ఆవిడ ఫోన్ కోసం వెళ్ళిపోయింది.

చిటపట తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ అతని ఎదుట నిలబడింది. గొంతు తగ్గించింది. అది ఆమె గొంతేనా అనిపించేంత తగ్గించింది.

"కొత్తది వస్తే నీకేంటి ఇబ్బంది?"

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఏ పంచాంగంలోనూ దొరకదు. సానబాబు నోరు తెరిచాడు. మాట పెదవుల దాకా వచ్చి, బయట వాన చూసి, మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

"ఇప్పటి స్టీలు మంచిది కాదు."

"స్టీలా?"

"స్టీలే."

"సరే. స్టీలుతోనే కాపురం చెయ్యి!" అని ఆమె అతని గ్లాసు లాక్కుని గట్టుమీద పెట్టిన పెట్టుకి టీ మూరెడు పైకి లేచి, చుట్టూ చూసి, మళ్ళీ గ్లాసులోకే దిగింది.

*

ఆ తర్వాత సానబాబుకి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. దర్జీ కత్తెర ఇచ్చి నూరమంటే తన బొటనవేలి గోరు నూరుకున్నాడు. మాంసం కొట్టాయన కత్తి ఇస్తే వీపు వైపు పదును పెట్టాడు. "అబ్బాయ్, దీన్ని తిరగేసి పట్టుకోవాలా, నేను తిరగేసి నిలబడాలా?" అని ఆయన అడిగితే, "కొత్తది తీసుకోకండి!" అన్నాడు సానబాబు.

కంపెనీ మనిషి చూస్తే అరుగుదల బయటపడుతుంది. వీధంతా దొంగసాన అంటుంది. చిటపట ముఖం కూడా చూడదు. ఒకవేళ అతను కనిపెట్టక కొత్తది ఇచ్చేసినా, ఇక గురువారం లేదు. ఎటు చూసినా గోడే. ఆ గోడల మధ్య అతను రోజుకి ఏడుసార్లు క్యాంటీన్ ముందునుంచి నడిచాడు.

శనివారం వానలో ఏడోసారి నడుస్తుంటే వంటింటి కిటికీ తెరుచుకుంది.

"గొడుగు లేదా?"

"ఉంది."

"ఎక్కడ?"

"కొట్లో."

"అది తడవకుండా దాచావా? మంచిపని. ఇటెందుకు తిరుగుతున్నావు?"

"ఇటు గాలి బాగుంటుందని." అని, దగ్గరికొచ్చి కిటికీ ఊచ పట్టుకున్నాడు. "ఆ కత్తెర కంపెనీకి ఇవ్వొద్దని మీ అమ్మకి చెప్పవా?"

చిటపట కూడా ఊచ పట్టుకుంది. "నాకూ ఇవ్వాలని లేదు. కానీ అమ్మ కారణం అడుగుతుంది. ఒక్క కారణం చెప్పు, చాలు."

నీళ్ళు అతని ముక్కు చివర్నుంచి బొట్టు బొట్టుగా కారుతున్నాయి. ఆమె ఒక్కో బొట్టూ లెక్కపెడుతున్నట్టు చూస్తోంది.

"చెప్పలేను," అన్నాడు చివరికి.

"చెప్పలేనివాళ్ళు తడవాల్సిందే!" కిటికీ ఢామ్మని మూసుకుంది. మళ్ళీ అంగుళం తెరుచుకుంది. అందులోంచి ఒక తువ్వాలు బయటపడింది. మళ్ళీ మూసుకుంది.

*

సోమవారం కంపెనీ మనిషి భూతద్దంతో దిగాడు. సానబాబు కూడా "ఇటే పోతూ" లోపలికొచ్చి గోడకి అతుక్కున్నాడు. కంపెనీ మనిషి ముక్కలని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"దీన్ని ఎవరమ్మా వాడేది?"

"మా అమ్మాయి," అంది చిటపటవాళ్ళమ్మ.

"ఇది ఆరేళ్ళ అరుగుదల కాదు, అరవయ్యేళ్ళది. వాడకం కాదమ్మా ఇది, హత్య."

"ఏం చేశావే దీన్ని?" అని తల్లి ఇటు తిరిగింది.

చిటపట తలొంచుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల మొదటిసారి నోరు మూసుకోవడం అదే. పొయ్యి మీది నూనె కూడా చిటపటలాడటం మానేసి చూసింది. సానబాబు తన పరువు గురించి నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాడు గానీ, ఆమె తలొంచుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించలేదు. అది చూడలేకపోయాడు.

"ఆ అమ్మాయిని ఏమీ అనకండి. అరగదీసింది నేను." గోడ వదిలి ముందుకొచ్చాడు. "రెండు తిప్పులు చాలండీ. నేను ఇరవై తిప్పాను. ప్రతి గురువారం. కావాలనే."

"కావాలనా?" తల్లి కళ్ళజోడు ముక్కు చివరికి దిగింది. "గ్లాసు టీ కోసమా?"

"టీ కోసం కాదండీ. ఇచ్చే మనిషి కోసం."

కుళాయి ఒక చుక్క వదిలింది. ఇంకో చుక్క వదలడానికి మొహమాటపడింది.

"బావుంది," అన్నాడు కంపెనీ మనిషి. "పలచబడటానికి లెక్క దొరికింది. మరి ఈ గాట్లు? సాన పెడితే గాట్లు పడవు బాబూ. దీంతో తీగలాంటిదేదో వారం వారం కోశారు."

"మా వంటింట్లో తీగ ఎక్కడిదయ్యా? ఉన్నవల్లా గిన్నెలు తోమే స్టీలు పీచులు. అవి కూడా ఎలుకలు..." అంటూనే ఆవిడ ఆగిపోయింది. మెల్లగా కూతురి వైపు తిరిగింది.

"ఎలుకలు కాదమ్మా," అంది చిటపట నేల చూస్తూ. "నేనే. బుధవారం సాయంత్రం ఒక పీచు తీసి కత్తెరతో ముక్కలు చేసేదాన్ని. మొద్దుబారకపోతే గురువారం ఎవరొస్తారు?"

సానబాబు ఆమెని చూశాడు. ఆమె సానబాబుని చూసింది. బాగా మొద్దుబారింది కత్తెర కాదని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

కంపెనీ మనిషి భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. "ఇద్దరు కలిసి తిన్న కత్తెరకి గ్యారంటీ ఉండదమ్మా," అని, ఒక టీ తాగి, రెండోది కూడా తాగి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

తల్లి విరిగిన ముక్కలు రెండూ దోసిట్లోకి తీసుకుంది.

"రెండేళ్ళు! నోరు తెరిచి ఒక్కమాట చెప్పుకుని ఉంటే నా కత్తెర బతికేది కదర్రా!" అని నుదురు కొట్టుకుంది. తర్వాత సానబాబు వైపు తిరిగింది. "మీ ఇంట్లో పెద్దదిక్కు ఎవరు?"

"మా నాన్నండీ."

"ఆదివారం రమ్మను. ఉత్తచేతులతో రమ్మను. మీ వంశంలో ఇంకెవరికి సాన చేతివాటం ఉందో నాకు తెలీదు."

"సరేనండీ అత్త... అమ్మగారూ."

"మొదట అన్నదే ఖాయం చేసుకో," అంటూ ఆవిడ చీపురు తీసుకుని లోపలికెళ్ళింది. ఊడవడానికి కాదు, నవ్వు దాచుకోడానికి.

*

గురువారం వంటింట్లో మేకుకి కొత్త కత్తెర వేలాడుతోంది. పక్కసందు కొట్లో కొన్నది. "ముట్టుకుంటే వేళ్ళు కోస్తా" అని తల్లి ముందే చాటింపు వేసింది.

సానబాబు సంచి లేకుండా వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒకసారి జేబులో, ఒకసారి వీపు వెనక, ఒకసారి పిండిడబ్బా మీద పెట్టాడు.

చిటపట టీ గ్లాసు అందించింది. "నూరడానికేం లేదు ఇక్కడ. ఎందుకొచ్చినట్టు?"

"నిన్ను చూడ్డానికి."

"అబ్బో! ఇంత చిన్నమాటకా, అంత పెద్ద కత్తెర ఖర్చయింది?"

బయట మళ్ళీ వాన మొదలైంది. అతను టీ తాగుతూ తొట్టి వైపు చూశాడు. గిన్నెల పక్కన, నిండుగా, ఒక్క పోగు కూడా తెగకుండా కూర్చుని ఉంది స్టీలు పీచు. రెండేళ్ళలో గురువారం ముఖం చూసిన మొదటి పీచు అదే.