చివరిసారి బాగున్నది ఎప్పుడు?

"సోమవారం పొద్దున పదింటికల్లా నీకు పక్షవాతం రావాలి," అన్నారు పెద్దాయన, ఫైల్లోంచి తల ఎత్తకుండానే.

"ఏ పక్కకి సార్?"

"కుడి పక్కకి. మాట కూడా పడిపోవాలి."

ఎదురుగా నిలబడ్డ మనిషిని డిపార్ట్‌మెంట్‌లో అందరూ పిల్లి అంటారు. పదిహేడేళ్ళ సర్వీసులో అతని అడుగుల చప్పుడు విన్న శత్రువు లేడు. గోడలు దూకాడు, ఓడల్లో దాక్కున్నాడు, రెండుసార్లు పెళ్ళికొడుకుగా, ఒకసారి శవంగా నటించాడు. పది రోజులు మంచం మీద ఊరికే పడుకోమనడం మాత్రం ఇదే మొదలు. నల్లేరు మీద బండి నడకే అనుకున్నాడు.

పెద్దాయన చెప్పిన సంగతి ఇది. పెద్దాసుపత్రిలో పక్షవాతం మీద రెండు వేల మంది రోగులతో పరిశోధన నడుస్తోంది. ఎవరికి బీపీ ఉంది, ఎవరికి షుగర్ ఉంది, ఎవరు సిగరెట్లు కాల్చారు, ఎంత తొందరగా ఆసుపత్రికి చేరారు, తొంభయ్యో రోజుకి లేచి నడిచారా లేదా అని ఫోన్‌లో కనుక్కుని, అన్నీ రాస్తారు. సగం మందికి పాత ఇంజెక్షన్. మిగతా సగానికి, ఒక విదేశీ ముఠా వెనక ఉండి నడిపిస్తున్న కంపెనీవారి కొత్త ఇంజెక్షన్. మెదడులో అడ్డం పడ్డ రక్తపు గడ్డని రెండూ కరిగిస్తాయి. కానీ బీపీ బాగా ఎక్కువున్న మనిషికి కొత్తది ఎక్కిస్తే మెదడులోనే రక్తం చిమ్ముతుంది. నలభై ఒక్క మంది అలా పోయారు. వాళ్ళందరినీ 'ఫోన్‌కి దొరకలేదు' అని రాసి పక్కన పెట్టేశారు.

"పోయినవాళ్ళు ఫోన్‌కి ఎలా దొరుకుతారు సార్?"

"దొరకరు కాబట్టే ఆ అబద్ధానికి వంక పెట్టలేకపోతున్నాం. నువ్వు చేరిన పదో రోజు, బుధవారం సాయంత్రం ఐదింటికి డేటాకి సీలు పడుతుంది. ఆపైన ఆ మందు ప్రతి ఊరికీ వెళ్తుంది. అసలు ఫైళ్ళు ఎక్కడ దాచారో ఆలోపు నాకు తెలియాలి. మాట పోయిన రోగి దగ్గర మనుషులు గోడ దగ్గర మాట్లాడినట్టే మాట్లాడతారు."

"లోపల మనవాళ్ళెవరున్నారు?"

"మాటలు నేర్పే టీచరు. మన మనిషి. అవతలివాళ్ళు తమ మనిషే అనుకుంటున్నారు." పెద్దాయన మొదటిసారి తల ఎత్తారు. "ఎవరి లెక్క నిజమో ఆవిడకే తెలియాలి. జాగ్రత్త."

కేస్ షీటు తయారు చేయడం తేలికైంది. స్కాన్ ఫిల్ము ఎవరిదో తెచ్చి పెట్టారు, ఏ ఇంజెక్షనూ పడకుండా గడువు దాటాక ఆసుపత్రికి చేరినట్టు రాశారు. బీపీ నూట ఎనభై, రోజుకి ఇరవై సిగరెట్లు, మాత్రలు మొదలుపెట్టి మానేశాడు, నిద్ర లేదు. ఈ మిగతావాటిలో అబద్ధం రాయాల్సిన గడి ఒక్కటీ కనపడలేదు.

తోడుగా అతని సొంత అక్కనే పంపారు. తంతి ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి ఆవిడ. పిల్లి ఎడమచేతి వేలితో మంచం కమ్మీ మీద టకటకలాడిస్తే అక్షరం పొల్లు పోకుండా చదువుతుంది. డిపార్ట్‌మెంట్ ఇంకో ఆయుధం కూడా ఇచ్చింది. చొక్కా బొత్తాంలో రికార్డర్. మొదటి రోజే ఆసుపత్రి చాకలి ఆ చొక్కా తీసుకెళ్ళి మరుగుతున్న నీళ్ళలో వేశాడు. ఇక మిగిలింది రెండు చెవులూ, ఒక వేలూ.

తొమ్మిదో నంబరు మంచం. ఎడమ వైపు ఊచల కిటికీ, కుడి వైపు పచ్చ తెర, ఎదురుగా పొద్దస్తమానం నేల తుడిచే ముసలాయన. పిల్లి కుడిచెయ్యి పొట్ట మీద చచ్చిన చేపలా పడేసుకుని ఉండేవాడు. ఈగ ముక్కు మీద వాలినా ఆ చెయ్యి కదలకూడదు. రెండోరోజుకి దురదలన్నీ కుడి పక్కకే ఎందుకు వస్తాయో అర్థమైంది. నర్సు పూటపూటకీ బీపీ మాత్ర నోట్లో వేసేది. శత్రువు గూట్లో ఇచ్చిన మందు మింగకూడదన్నది గూఢచారికి మొదటి పాఠం. మాత్రని బుగ్గలో దాచి, ఆవిడ తిరగ్గానే గుడ్డలోకి ఉమ్మేసేవాడు. ఆ తెలివికి తనని తానే మెచ్చుకున్నాడు కూడా.

మధ్యాహ్నాలు టీచరు వచ్చేది. ఎత్తు మడమల చెప్పుల చప్పుడు ముందు, సెంటు వాసన తర్వాత, మనిషి ఆ తర్వాత. అద్దంలో చూసి దిద్దుకున్నట్టుండే ఆ ముఖాన్ని వార్డులో కళ్ళు కనపడనివాళ్ళు కూడా చూసేవారు. బొమ్మల కార్డులు పరిచి, ఇదేమిటి అదేమిటి అని అడిగేది. మొదటి కార్డు గొడుగైతే ప్రమాదం లేదని గుర్తు. పిల్లి మూగగా చూసేవాడు. ఆవిడ నవ్వి వెళ్ళిపోయేది. ఆ నవ్వు ఏ పక్షానిదో అతనికి అంతుపట్టలేదు.

తొమ్మిది రోజులు గోడ కూడా విసుక్కునేంతగా గడిచాయి. బుధవారం రెండున్నరకి అక్క టీకి బయల్దేరింది. దుప్పటి సరిచేస్తుంటే పిల్లి కుడికాలితోనే దాన్ని కిందికి తన్నాడు.

"పక్షవాతం వచ్చినా నీ పొగరు పోలేదురా," అని గొణిగి వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళగానే కంపెనీ మనిషి ఇటు వచ్చాడు. బంగారు కళ్ళజోడు పెట్టుకుని, పరిశోధన సక్రమంగా సాగుతోందో లేదో చూడటానికని వచ్చే పెద్దమనిషి అతను. పచ్చ తెర పక్కన నిలబడి ఫోన్‌లో తాపీగా చెప్పాడు. ఫైళ్ళు సిలిండర్ల గదిలో ఖాళీ పెట్టె కింద ఉన్నాయి, ఐదింటికి మాసిన బట్టల బండిలో బాయిలర్‌కి పోతాయి. చెప్పి, పిల్లి వైపు చూసి, మంచానికున్న ధూళి గమనించినవాడిలా ముఖం పెట్టి వెళ్ళిపోయాడు.

పిల్లి గుండె ఎగిరి గంతేసింది. ఆ గంతుతోనే ఎక్కడో ఏదో అడ్డం పడింది.

ముందు నొప్పేమీ లేదు. కిటికీ ఊచలు ఒకసారి అలల్లా కదిలాయి, అంతే. మూడుంబావుకి అక్క వచ్చి కూర్చుంది. పిల్లి కమ్మీ మీద వేలు ఆడించాడు. సిలిండర్, అని కొట్టబోతే వేలు ఏదో కొట్టింది. మళ్ళీ కొట్టాడు. మొదటి అక్షరం తెలుసు. తెలిసిన చోట లేదు.

అక్క నొసలు ముడిచింది. "ఏంట్రా ఇది, తాగి కొట్టిన తంతిలా ఉంది. నాతో పరాచికాలా?"

కాదే అక్కా, అనబోయాడు. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. తెర పక్కకి లాగేద్దామని కుడిచెయ్యి ఎత్తబోయాడు. అది పొట్ట మీద చచ్చిన చేపలా పడి ఉంది. ఈసారి అతను పడెయ్యలేదు.

అప్పుడు తెలిసింది పిల్లికి, తను ఎలాంటి బోనులో పడ్డాడో. నర్సు దాటిపోతూ చూసింది. చెయ్యి కదలదు, మాట లేదు, నిన్నటిలాగే. వార్డు బాయ్ చూశాడు. నిన్నటిలాగే. నిజం తెలిసిన అక్క చూసి, వీడి నటన రోజురోజుకీ రాటుదేలుతోంది అనుకుని నవ్వుకుంది. మునిగిపోతున్నవాడు చెయ్యి ఊపితే ఒడ్డునున్నవాళ్ళు ఈత బాగుందని మెచ్చుకున్నట్టుంది. పదిహేడేళ్ళు ఎన్ని తాళాలు తీశాడు. ఈ గదికి తలుపే లేదు. గది అతనే.

మూడున్నరకి చెప్పుల చప్పుడు వినిపించింది. టీచరు కుర్చీ లాక్కుని గొడుగు కార్డు పెట్టింది. పిల్లి ఒంట్లో ఉన్న బలమంతా గొంతులోకి తోశాడు. సిలిండర్ అనాలి. బండి అనాలి. గుక్క తిప్పుకుని అన్నాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు."

స్పష్టంగా, బళ్ళో పిల్లాడిలా అన్నాడు. తన గొంతు విని తనే బిత్తరపోయాడు.

టీచరు చేతిలో కార్డు ఆగిపోయింది. ముఖంలో నవ్వు పోయాక ఆవిడ ఇంకో మనిషిలా ఉంది. అక్క చెవి దగ్గరికి వంగింది.

"ఇది నటన కాదు. మాట పోయినవాళ్ళకి కూడా అంకెలూ తిట్లూ వాటంతటవే వస్తాయి. తొమ్మిది రోజులూ ఈయన ఒక్క అంకె కూడా అనలేదు. అదే ఈయన తప్పు. అది ఈయనకి తెలియదు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

టీచరు గంట నొక్కింది.

డ్యూటీ డాక్టరమ్మ పరుగున వచ్చింది. మనిషి చిన్నదే గాని, చూపు సూదిలా ఉంది. కళ్ళలోకి లైటు వేసి చూసింది, చెయ్యి ఎత్తి వదిలింది, బీపీ చూసింది. నూట తొంభై ఆరు. తర్వాత ఆ వార్డులో ప్రతి రోగికీ మొదట పడే ప్రశ్న అడిగింది.

"చివరిసారి బాగున్నది ఎప్పుడు?"

గడ్డ కరిగించే మందు, మనిషి బాగున్న చివరి నిమిషం నుంచి నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. కేస్ షీటు ప్రకారం తొమ్మిదో మంచం రోగి బాగుండి పది రోజులైంది. అతనికి మందు లేదు. మందు కావాలంటే మధ్యాహ్నం దాకా ఇతను గుర్రంలా ఉన్నాడని చెప్పాలి. చెప్తే వేషం బయటపడుతుంది, ముఠా ఫైళ్ళు తగలేస్తుంది.

అక్క నోరు తెరవబోయింది. పిల్లి ఎడమచేత్తో ఆవిడ చీర కొంగు పట్టి లాగాడు. ముందు అది కాదు. టీచరు ఒళ్ళోని కార్డులు గుంజి పరుపు మీద పరిచాడు. మాటలు పోయాయి గాని బొమ్మలు పోలేదు. వంటింటి సిలిండర్ బొమ్మ తీశాడు. పక్కన బండి పెట్టాడు. దాని పక్కన మంట. చివర ఐదు గంటల గడియారం. పెట్టి, టీచరు కళ్ళలోకి చూశాడు. ఈ నాలుగు ముక్కలూ ఆవిడ ఎవరికి చేరవేస్తుందో అతనికి తెలియదు. ఇంకెవరూ లేరు.

ఆవిడ కార్డులు పోగుచేసుకుంది. లేచి వెళ్ళిపోయింది.

అప్పుడు అక్క అన్నది. "రెండున్నరకి బాగున్నాడు డాక్టరమ్మా. కుడికాలితో దుప్పటి తన్నాడు. మా వాడు దొంగ రోగి. ఎందుకని తర్వాత అడుగు. నన్ను జైల్లో వేసినా ఫర్వాలేదు, వాడికి మందు వెయ్యి."

డాక్టరమ్మ ఆవిడని ఎగాదిగా చూసి, స్కాన్‌కి తోయించింది. పది రోజుల నాటి దెబ్బ ఉండాల్సిన చోట మెదడు శుభ్రంగా ఉంది. అక్క చెప్పింది నిజమే. టైము నాలుగు దాటి ఐదు నిమిషాలు.

స్కాన్ గది గుమ్మంలో బంగారు కళ్ళజోడు నిలబడి ఉన్నాడు. కబురు గాలి కంటే ముందు చేరినట్టుంది. చేతిలో చిన్న సీసా, ఒక కాగితం, కలం.

"పాత మందు కింది అంతస్తు ఫార్మసీ నుంచి రావాలి. బీపీ దిగేదాకా అది ఎక్కించకూడదు కూడా. మాది ఇక్కడే ఉంది, బీపీతో పని లేదు, ఖర్చూ లేదు. అక్కగారు సంతకం పెడితే రెండు నిమిషాలు," అన్నాడు మర్యాదగా.

డాక్టరమ్మ ఆలోచించింది. ఆవిడ చదివిన కాగితాలన్నిట్లో ఆ మందు మంచిదే. పోయినవాళ్ళెవరూ అందులో లేరు. అక్కకి ముఠా సంగతి తెలుసు గాని మందు పేరు తెలియదు. ఆవిడ కళ్ళ ముందున్నది ఒరిగిపోయిన తమ్ముడూ, గోడ మీద గడియారమూ. కలం అందుకుంది.

వద్దు, అని అరిచాడు పిల్లి.

"ఒకటి, రెండు, మూడు," అన్నది నోరు.

"చూశారా, ఆయనే తొందరపడుతున్నారు," అన్నాడు కళ్ళజోడు.

"నాలుగు, ఐదు, ఆరు." కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఎడమచెయ్యి స్ట్రెచర్ పట్టీ కింద ఇరుక్కుంది. అక్క సంతకం పెట్టేసింది. నర్సు సిరంజిలోకి మందు లాగి, గాలి బుడగ తీసి, సూది సెలైన్ గొట్టానికి ఆనించింది.

వరండాలో చక్రాల చప్పుడు. మాసిన బట్టల బండి తలుపుని గుద్దుకుని లోపలికి వచ్చింది. తోస్తున్నది టీచరు. జుట్టు రేగింది, ఒక చెప్పు లేదు. దుప్పట్లు కింద పారేసి, అట్టల ఫైలొకటి తీసి సూదికీ గొట్టానికీ మధ్య పెట్టింది.

"ముందు ఇది చదవండి," అన్నది డాక్టరమ్మతో. "బీపీ నూట తొంభై. ఇదే మందు. రెండో రోజు మెదడులో రక్తం, మూడో రోజు మార్చురీ. మీ కంప్యూటర్‌లో ఈయన ఫోన్‌కి దొరకలేదు. ఇలాంటివి బండిలో ఇంకా నలభై ఉన్నాయి."

డాక్టరమ్మ ఒక పేజీ చదివింది. రెండో పేజీ తిప్పలేదు. సిరంజి తీసుకుని చెత్తబుట్టలో పడేసింది. కళ్ళజోడు మెల్లగా గుమ్మం వైపు జరిగాడు. అక్కడ పది రోజులుగా నేల తుడుస్తున్న ముసలాయన తుడుపు కర్ర అడ్డం పెట్టాడు. పెద్దాయన పంపిన మనిషిని పిల్లి కూడా గుర్తుపట్టలేకపోయాడంటే వేషం ఎంత బాగా కుదిరిందో చూసుకోండి.

బీపీ దించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నాలుగూ నలభైకి పాత ఇంజెక్షన్ నరంలోకి దిగింది. ఐదింటికి డేటాకి సీలు పడలేదు, చేతులకి బేడీలు పడ్డాయి.

పదిహేను రోజులకి పిల్లి కర్ర పట్టుకుని వరండా చివరిదాకా నడిచాడు. కుడిచేతి వేళ్ళు ఇంకా మొండికేస్తున్నాయి. బీపీ మాత్ర మింగాక నాలుక ఎత్తి చూపించమంటుంది అక్క. మాటలు మాత్రం బావిలో చేదలా ఒక్కొక్కటే పైకి రావాలి.

ఆ మధ్యాహ్నం టీచరు కొత్త చెప్పులతో వచ్చి కుర్చీ లాక్కుంది. కార్డులు పరచబోతుంటే పిల్లి చెయ్యి అడ్డం పెట్టాడు. చెమటలు పట్టేదాకా లాగి, తోసి, వెతికి, చివరికి అన్నాడు.

"నువ్వు... అసలు... ఎవరి... మనిషివి?"

ఆవిడ చేతి గడియారం చూసుకుని, నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది.

"ఈ ప్రశ్నకి మీకు యాభై రెండు సెకన్లు పట్టింది," అన్నది. "ఐదు సెకన్లలో అడగడం వచ్చాక అడగండి. అప్పటికి నేనూ తేల్చుకుంటాను."