డైరీకెక్కని టీలు

ఆస్పత్రిలో పోషకాహార నిపుణురాలిగా ఆమె రోజూ నలభై మంది తిండి డైరీలు చూస్తుంది. తిన్నది ఎవరి ఫోన్లో వాళ్లు ఎక్కిస్తే, కేలరీలతో సహా లెక్కంతా ఆమె కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. దాచేవాళ్లని ఇట్టే పట్టేస్తుంది. వాళ్ల డైరీల్లో ఆదివారాలు ఖాళీగా ఉంటాయి.

బస్సు డ్రైవరు డైరీలో ఆదివారం కూడా నిండుగానే ఉంది. అరటిపండు తింటే చిన్నదో పెద్దదో రాసే మనిషి అతను. ఒకరోజు, "గుడ్డు ఒకటి. రెండోది కింద పడింది" అని రాశాడు. ఆమె గదిలో ఒక్కతే నవ్వుకుంది.

అయినా నెల తిరిగేసరికి షుగరు ఉన్నచోటే ఉంది. ఇంకో నాలుగు వారాల్లో దిగకపోతే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాదు. అది లేకపోతే డిపోలో స్టీరింగ్ ముట్టుకోనివ్వరు.

"నిజమే రాస్తున్నారా?" అని అడిగింది.

అతను అరచేతులు చూసుకున్నాడు. "అబద్ధాలు రాసేంత టైపింగ్ రాదు మేడం," అని లేచి వెళ్లిపోయాడు.

అది వేళాకోళమో కోపమో ఆమెకి తెలియలేదు. తెలుసుకోవాలనిపించింది.

సెలవు రోజున వెళ్లి అతని బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. అద్దంలో ఆమెని చూసి అతను కాలరు సర్దుకున్నాడు. నిలబడ్డ ముసలావిడ తూలకుండా బ్రేకు మెల్లగా నొక్కడం ఆమె గమనించింది. ట్రిప్పు పూర్తయిన ప్రతిసారీ దిగి, బస్సుకి ఆనుకుని కాగితం కప్పులో ఒకటో రెండో టీలు తాగుతున్నాడు. పక్కనున్న కండక్టరు బిస్కెట్లు చేతిలో పెడుతున్నాడు. మూడు ట్రిప్పులయ్యేసరికి ఆమె ఫోన్లో ఐదు టీలు, పది బిస్కెట్లు చేరాయి. కేలరీలు తొమ్మిది వందలు దాటాయి.

ఆ లెక్క చూపిస్తే అతను వంగి చూశాడు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"ఇది తిండి కాదు కదా మేడం."

"మరేంటి?"

"నిలబడి తాగినవి."

అప్పుడు చెప్పుకొచ్చాడు. వాళ్లింట్లో కంచం ముందు కూర్చుంటేనే తిన్నట్టు. వంటచేస్తూ పొద్దున్నుంచీ రుచులు చూసే వాళ్లమ్మ కూడా, ఇంకా ఏమీ తినలేదనే అంటుందట. నిలబడి నోట్లో వేసుకున్నది లెక్కపెట్టాలని అతనికి ఎప్పుడూ తట్టనే లేదు.

ఆమె గట్టిగా మందలించబోయింది. నవ్వు ఆగలేదు. ఆ రోజు అలా అడిగినందుకు ఏమీ అనుకోవద్దంది.

"దానివల్లే కదా నా బస్సు మూడు ట్రిప్పులు ఎక్కారు," అన్నాడతను.

అక్కణ్ణుంచి నిలబడి తాగినవీ డైరీకెక్కాయి. "టీ, పంచదార లేకుండా. బాధగా ఉంది" అని అతను రాస్తే, "అలవాటవుతుంది" అని ఆమె కింద రాసేది. రాను రాను తిండికన్నా మాటలే ఎక్కువయ్యాయి. మిగతా ముప్పై తొమ్మిది మందికీ టిక్కు, ఈయనకి మాత్రం ఉత్తరాలా అని నర్సు ఆటపట్టించింది.

నాలుగో వారానికి షుగరు దిగింది. అతను సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఇక డైరీ పంపక్కర్లేదా అని అడిగాడు. పద్ధతి ప్రకారం అక్కర్లేదని చెప్పి ఆమె అతని ఫైలు మూసేసింది. మూశాక గది ఒక్కసారిగా బోసిపోయినట్టనిపించింది.

"మరి రేపట్నుంచి తిన్నది ఎవరికి చెప్పాలి?" అన్నాడు కాగితం మడతపెడుతూ.

"నాకే చెప్పండి. ఆస్పత్రి లెక్కలోకి కాదు."

అతను తల ఊపాడు. వెళ్లలేదు. "ఇంకోటి. నెల రోజులుగా అడుగుదామని," అన్నాడు. "మీరేం తిన్నారు ఇవాళ?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఆమెని ఎవరూ అడగలేదు. కుర్చీ అతనివైపు తిప్పుకుని, పొద్దుటి కాఫీ నుంచి మొదలుపెట్టింది.