జబీ ఇటలీలో ఉన్న ఆరు వారాలు

జబీ సూట్‌కేసును ఎత్తబోయి ఖయ్యూమ్ మళ్లీ కింద పెట్టాడు.

"సిస్టర్, ఇందులో రాళ్లేమన్నా పెట్టినారా?"

"కారప్పొడి, చింతపండు, ఊరగాయ. ఆ పల్లెలో ఏం దొరుకుతాదో ఏమో. మీరు మోసేది వ్యాన్ దాకానే గదా, మోయండి."

వాళ్లిద్దరూ మొదటిసారి మాట్లాడుకున్నది అదే. ఖమీస్ ముషైత్‌లోని ఒక సౌదీ కుటుంబానికి మదనపల్లె ఖయ్యూమ్ మూడేళ్లుగా డ్రైవరు. ఆ ఇంటి పెద్దావిడను చూసుకోవడానికి పులివెందుల నుంచి నర్సు జబీ వచ్చి పది రోజులే అయింది. ఏటా వేసవి సెలవులకు ఆ కుటుంబం ఇటలీ పల్లెలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటుంది. ఈసారి పెద్దావిడతో పాటు జబీ కూడా వెళ్లింది. ఖయ్యూమ్ ఇక్కడే ఇంటికి కాపలా.

నాలుగో రోజు ఆమె నుంచి ఫోటో వచ్చింది. ముడుచుకుపోయిన టమాటా ఆకు. వెనకే వాయిస్ మెసేజ్.

"మీది మదనపల్లె గదా. పక్కతోట ముసలాయన తల పట్టుకోని కూర్చున్యాడు. ఇదేం రోగం?"

"ఆకు వెనకాల తెల్లదోమ ఉందా?"

"లేదు."

"అయితే ఎండకు ముడుచుకునింది. పొద్దున్నే నీళ్లు పెట్టమనండి. భయం లేదు."

వారానికల్లా ఆకులు విచ్చుకున్నాయి. ఆ తర్వాత ఖయ్యూమ్‌కు ఆ ఊరి గురించి అన్నీ తెలుసుకోవాలనిపించింది.

"ఇంటి చుట్టూ ప్రహరీ ఉందా?"

"లేదు. పొద్దుతిరుగుడు చేను ఉంది."

"మధ్యాహ్నం ఏం జేస్తారు?"

"అంగళ్లు మూసి నిద్రపోతారు."

"మా ఊర్లో మాదిరే గదా."

"మీ ఊర్లో చర్చి గంట కొడితే గొర్రెలు తలెత్తి చూస్తాయా?"

ఆమె జవాబు వచ్చేలోగా అతను కడిగిన కారునే మళ్లీ కడిగేవాడు. 'మీరు' కాస్తా 'నువ్వు' ఎప్పుడైందో ఇద్దరూ గమనించలేదు.

ఒకరోజు ఆమె గొంతు మెల్లగా వినిపించింది. "ఈరోజు సెలవిచ్చినారు. ఒక్కదాన్నే మూడు కిలోమీటర్లు నడిచి ఊర్లోకి పోయినా. పీచ్ పండ్లు కొనుక్కోని గట్టు మీద కూర్చోని తిన్యా. యాడికి పోతాండావని ఒక్కరు గూడా అడగలా."

ఖయ్యూమ్ ఆ మాటలు మూడుసార్లు విన్నాడు. సంతోషమేసింది. ఎందుకో భయం కూడా వేసింది.

ఐదో వారంలో ఆ భయం నిజమైంది. "ఇంటి ఓనరమ్మ వాళ్లమ్మను చూసుకుంటూ ఇక్కడే ఉండిపొమ్మంటాంది. పేపర్లు వాళ్లే చేయిస్తారంట. మన మేడమ్ నీ ఇష్టమనింది. నువ్వేమంటావు?"

అతను టైపు చేశాడు. చెరిపేశాడు. చివరికి మైకు నొక్కాడు. "నీకు ఆడ బాగుంటే ఉండు. నేను అడ్డం రాను. కానీ ఒక సంగతి తెలుసుకోని నిర్ణయించుకో. నువ్వంటే నాకు ఇష్టం, జబీ."

టిక్కులు నీలంగా మారాయి. ఆరు రోజులు జవాబు లేదు.

వాళ్లు తిరిగొచ్చిన సాయంత్రం దగ్గర్లోని అభా ఎయిర్‌పోర్టు మీద వాన పడుతోంది. కుటుంబమంతా వేరే కార్లో వెళ్లిపోయింది. చివరగా పెద్దావిడ వీల్‌చెయిర్ వచ్చింది. దాన్ని తోస్తున్నది జబీ.

వ్యాన్ కదిలాక పెద్దావిడ కునుకు తీసింది.

"జవాబెందుకు ఇయ్యలా?"

"అట్లాంటి మాటకు ఫోన్లో జవాబిస్తారా? మొహం చూసి చెప్దామనుకున్యా."

"ఆ ఉద్యోగం?"

"వద్దన్యా. ఒక్కదాన్నే తిరిగితే ఎట్లుంటాదో చూసినా. పక్కన మనిషుంటే ఎట్లుంటాదో చూడాల. నికా అయితే వచ్చే వేసవికి డ్రైవర్ను గూడా తీసుకుపోతామని మేడమ్ మాటిచ్చింది."

ఖయ్యూమ్ వ్యాన్‌ను మెల్లగా రోడ్డు పక్కకు తీసి ఆపాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జబీ అప్పటికే ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది.

"అమ్మ. నీతో మాట్లాడాలంట."

"ఏం బేటా," అంది పులివెందుల గొంతు, "మా బిడ్డను వెనక్కి పిలుచుకున్యావంటనే."

"లేదు ఖాలా. బాగుంటే ఆడనే ఉండమని చెప్పినా."

"ఆ మెసేజ్ జబీ నాకు గూడా వినిపించింది. ఆ మాటే నాకు నచ్చింది. మీ అమ్మ నంబరియ్యి."

ఖయ్యూమ్ చెప్పడం మొదలుపెట్టాడు. కంగారులో ఒక అంకె తప్పు చెప్పి, మళ్లీ మొదటినుంచి చెప్పాడు.