రెండు గంటలు దాటితే ప్లగ్ పీకేస్తాం

"మా టీం ఓడిపోయిందంటే దానికి కారణం మీరే."

కుడిచేతికి కట్టు, మెడకు వేలాడే గుడ్డ, గుమ్మానికి తల తగిలేంత ఎత్తు. నరీన్ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ క్లబ్‌లోకి అడుగుపెడుతూనే కుబాత్ అన్న మాట అది.

కౌంటర్ వెనక ఉన్న జిబెక్ హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీద నుంచి జరిపింది. "నేను ఏ టీంలో ఆడానండీ?"

"మా రౌతులిద్దరు గుర్రాల దగ్గరికి రాకుండా ఇక్కడే పడి ఉంటున్నారు. మీరు కుర్రాళ్లని పాడు చేస్తున్నారు."

"ఆ చెయ్యి ఎలా విరిగింది?"

"కోక్‌బోరు ఆటలో. మేక కళేబరం లాక్కుంటుంటే గుర్రం మీద నుంచి పడ్డాను."

"నా క్లబ్‌లో మౌస్ పట్టుకుని ఇంతవరకు ఎవరూ ఎముక విరగ్గొట్టుకోలేదు."

వెనక సీట్లలో నవ్వులు. కుబాత్ చెవులు ఎర్రబడ్డాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వచ్చిన ఈ మనిషిని చూస్తే జిబెక్‌కి ఒళ్లు మండింది.

మండదా మరి? మగవాళ్లు గుర్రాలెక్కి ఒకరినొకరు కుమ్ముకుంటే సంప్రదాయం. వోడ్కా తాగి పెళ్లాన్ని కొడితే ఖర్మ. పిల్లాడు పరీక్ష తప్పితే మాత్రం వీడియో గేమ్. ఎవడి ఫోనో పోతే వీడియో గేమ్. ఇక మంచు ఆలస్యంగా పడినా ఆ పాపం తన కంప్యూటర్లదే అనేటట్టున్నారు. హెడ్‌ఫోన్స్‌లో ఆడగొంతు వినపడగానే "వెళ్లి వంటింట్లో బోర్సోక్ రొట్టెలు వేయించుకో" అనే మగవాళ్లు తనకి రోజూ తగులుతారు. ఆ మాట వాళ్లకి ఏ ఆట నేర్పింది? ఇంట్లో నేర్చుకునే వచ్చారు.

అలాగని ఆట అమృతమని ఆమె అనలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో తెర ముందు కూర్చుని, కాలేజీకి వెళ్తున్నానని అమ్మకి అబద్ధాలు చెప్పి ఒక ఏడాది పోగొట్టుకుంది. అందుకే గోడ మీద తన చేత్తోనే రాసిపెట్టింది: రెండు గంటలు దాటితే ప్లగ్ పీకేస్తాం. ఆ గోడని చదివినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు.

మర్నాడు నాలుగింటికి కుబాత్ మళ్లీ వచ్చాడు.

"ఎడమచేత్తో ఆడొచ్చా?"

"ఓడిపోవడానికి ఏ చెయ్యయితేనేం, కూర్చోండి."

రేసులో అతని కారు మొదటి మలుపులోనే నదిలో పడింది. రెండోసారీ అక్కడే. రెండు గంటలవగానే ఆమె ప్లగ్ పీకింది. బయట వాన పడుతోందని అతను బెంచీ మీద టీ తాగుతూ కూర్చున్నాడు. మర్నాడు వాన లేదు, అయినా కూర్చున్నాడు. మీరు అనే మాట ఎప్పుడు నువ్వుగా మారిందో ఇద్దరూ గమనించలేదు. నెల తిరిగేసరికి నాలుగు కొట్టగానే జిబెక్ చూపు గుమ్మం వైపు పోవడం మొదలైంది. తన మీద తనకే కోపం వచ్చింది.

అప్పుడే ఆ వార్త తెలిసింది. క్లబ్ మూయించాలని బజారులో అంగళ్లు నడిపే ఆడవాళ్లంతా అర్జీ రాశారు. శుక్రవారం పెద్దల సభలో తీర్పు. మొదటి సంతకం బురుల్చాది, అంటే కుబాత్ తల్లిది.

ఆ రోజు నాలుగింటికి అతను రాగానే జిబెక్ కుర్చీ లాగేసింది.

"కట్టు విప్పమని డాక్టర్ చెప్పి పది రోజులైందట. మీ అమ్మ అర్జీలో రాసింది. గుర్రాన్ని మరిచాడు, తిండి మరిచాడు, ఆట కోసం దొంగకట్టు కట్టుకుని తిరుగుతున్నాడని. నిజమేనా?"

"కట్టు సంగతి నిజమే."

"నేనూ ఒకప్పుడు ఇలాగే అబద్ధాలు చెప్పేదాన్ని. ఈ జబ్బు నాకు తెలుసు. నీవల్ల నా క్లబ్ పోతోంది కుబాత్. ఇక రాకు."

"ఒక్కటి చెప్పు. ఈ నెలలో ఎన్నిసార్లు గెలిచాను?"

"ఒక్కసారీ లేదు."

"ఆట పిచ్చి ఉన్నవాడు పొరపాటునైనా ఒకసారి గెలుస్తాడు. నేను తెర వైపు చూస్తే కదా."

ఈలోగా గుమ్మంలోంచి వేరే గొంతు వినిపించింది.

"మరి ఎటు చూస్తున్నావురా?"

వానకి తడిసిన శాలువాతో, చేతిలో అర్జీతో బురుల్చా.

"ఈ అమ్మాయి వైపమ్మా."

"ఓరి దౌర్భాగ్యుడా. నెల రోజులుగా ముల్లా చుట్టూ తిరుగుతున్నాను. దయ్యం వదలాలని ఇల్లంతా అర్చా చెట్టు కొమ్మల పొగ వేశాను. ఆ మాటేదో ముందే ఏడవొచ్చుగా."

అంటూనే ఆవిడ తన చెవుల వెండి కమ్మలు తీసింది. నరీన్‌లో అబ్బాయి తల్లి అమ్మాయి చెవికి కమ్మలు పెట్టిందంటే సంబంధం ఖాయమైనట్టే. కౌంటర్ మీదుగా చాచిన ఆవిడ చెయ్యి హెడ్‌ఫోన్స్‌కి తగిలి ఆగిపోయింది.

జిబెక్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆగండి పెద్దమ్మా. నా క్లబ్‌లోకి ఒక్కసారీ రాకుండానే ఇది ఊరికి చేటని తేల్చేశారు. ఇప్పుడు నా పెళ్లీ మీరే తేల్చేస్తారా? నన్నెవరైనా అడిగారా?"

బురుల్చా చేతిలో కమ్మల వైపు చూసుకుంది.

"నన్నూ అడగలేదమ్మా. సంతకి వెళ్తుంటే బలవంతంగా కారులో ఎక్కించుకుపోయి ఇవి పెట్టారు. అప్పుడు వీడియో గేమ్‌లు లేవు." కొడుకు వైపు తిరిగింది. "అడగరా."

కుబాత్ మెడలో గుడ్డా, చేతికున్న దొంగకట్టూ తీసేశాడు.

"నన్ను చేసుకుంటావా జిబెక్? ఆ రెండు గంటల రూలు మాత్రం నాకొద్దు."

"ముందు అర్జీ సంగతి తేలాలి."

బురుల్చా కౌంటర్ మీది పెన్ను తీసుకుని తన సంతకం అడ్డంగా కొట్టేసింది. "మిగతావాళ్లని శుక్రవారంలోగా ఇక్కడికి తీసుకొస్తాను. ఆ గోడ చదివి, తమ సంతకాలు వాళ్లే కొట్టేస్తారు."

జిబెక్ ఇద్దరినీ చూసింది. తర్వాత హెడ్‌ఫోన్స్ తన చేతులతో తనే తీసి కౌంటర్ మీద పెట్టింది.

"ఇప్పుడు పెట్టండి."