పీతల సారు మీద కోపం

"ఎవరు చేశారిది? చెప్పండి!"

సుధీర్ అరుపు వరండా దాటి పక్క క్లాసు దాకా వినబడింది. రవళి టీచరు చాక్‌పీసు పడేసి పరుగెత్తింది. తన పిల్లల మీద ఎవరు గొంతు పెంచినా ఆమెకు ఒళ్లు మండుతుంది. కొన్నాళ్లుగా ఈ మనిషి మీద మనసు పడుతున్న మాట నిజమే కానీ, కోపం కోపమే.

సుధీర్‌ది దగ్గర్లోని పటేల్‌గూడ. తాత కాలంలో ఇక్కడి ప్లాంటులో ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. సముద్రం చూడని పిల్లలకు సముద్రం పాఠాలు చెప్పే సంస్థ తరఫున వారానికోసారి ఈ పాశమైలారం బడికి వస్తాడు. ఖాళీ శంఖాల్లో కాపురముండే పీతల్ని పిల్లల అరచేతుల్లో నడిపించి, "మీకన్నా వాటికే ఎక్కువ భయం" అని నవ్విస్తాడు. ఇప్పుడా పీతలన్నీ తొట్టిలో కదలకుండా పడున్నాయి.

"సార్, జెర మెల్లగ మాట్లాడుండ్రి," అంది రవళి.

"వీళ్లకి అప్పజెప్పడం నాదే తప్పు. ఇంత నిర్లక్ష్యమా?"

ముందు నిలబడ్డ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "తొట్టిల నీళ్లు తగ్గితే తాగే నీళ్లు పొయ్యమన్నరు గదా సార్. రోజూ మేం తాగేటియే పోసినం."

సుధీర్ తొట్టిలో నీళ్లు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. అతని ఇంట్లో తాగేవి క్యాన్ నీళ్లు. ఈ బడిలో తాగేది ఫ్యాక్టరీల పక్కన తవ్విన బోరు నల్లా నీళ్లు.

రవళికి మర్యాదలన్నీ గాలికి పోయాయి. "పీతలు సచ్చినయని గింత పరేషాన్ అయితున్నవ్. గవే నీళ్లు తాగే మా పిల్లల సంగతేంది? ఎన్నడన్న అడిగినవా?"

అతను తల దించుకున్నాడు. ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, "తప్పు నాదమ్మా" అన్నాడు.

ఇంతలో హెడ్మాస్టరు నరసరాజు వచ్చి గొంతు తగ్గించాడు. "నీళ్ల ముచ్చట బయట పెట్టకుండ్రి. వచ్చే నెల సముద్రం టూరు ఖర్చు ఫ్యాక్టరీవోళ్లది. వాళ్లు నారాజ్ అయితే బస్సు రాదు."

రవళి సుధీర్ వైపే చూసింది. ఇప్పుడు నోరు మూసుకున్నాడంటే ఇక ఇతని మొహం చూడనని మనసులో ఒట్టు పెట్టుకుంది.

"రాకపోతే పోనివ్వండి సార్." సుధీర్ లేచి నిలబడ్డాడు. "పిల్లలూ, సీసాలు తెండి. సముద్రం నీళ్లు పరీక్షకి ఎలా పట్టాలో నేర్పాను కదా? ఇవాళ అలాగే బోరు దగ్గర, ట్యాంకు దగ్గర, నల్లా దగ్గర పడదాం. ల్యాబుకి నేనే తీసుకెళ్తాను."

బడి వదిలాక అతను సీసాల పెట్టె మోసుకుంటూ బండి దగ్గరికి వచ్చాడు. రవళి అక్కడే నిలబడి ఉంది.

"కోపం పోయిందా?"

"పోలే."

"బస్సు లేకపోయినా పిల్లల్ని ఎలాగైనా సముద్రానికి తీసుకెళ్తాను. మా బుల్లెమ్మ మామ్మ ఇల్లు ఒడ్డునే. ఇందాక ఫోన్ చేస్తే అందరికీ వండిపెడతానంది. మీ గురించి కూడా చెప్పాను."

"ఏం జెప్పినవ్?"

"ఒక టీచరుంది, మహా కోపిష్టి, ఆవిడంటే నాకు ప్రాణం అని. 'నిన్ను తిట్టేవాళ్లు లేకే ఇలా తయారయ్యావు, వెంటనే తీసుకురా' అంది."

రవళికి నవ్వొచ్చింది. నవ్వితే ఎక్కడ అలుసైపోతానోనని పెదవి కరుచుకుంది.

"వస్త. కానీ మా పిల్లలకు మంచినీళ్లు వచ్చినంకనే వస్త."

"అప్పటిదాకా?"

"అప్పటిదాంక నాతోని కలిసి కోపం జెయ్యి." బండి వెనక కూర్చుని, పెట్టె లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. "జల్దీ నడువు, ల్యాబు మూసేస్తరు."