నాలుగు రాణులు

"ఆమె మన మనిషి కాదు ఫింటన్. మొదటినుంచీ వాళ్ళ మనిషే."

కల్నల్ మల్క్వీన్ టీలో పాలు పోసుకుంటూ అన్నాడా మాట. 1983 ఈస్టర్. లిమరిక్ హోటల్ కిటికీ అవతల వాన. ఐరిష్ గూఢచారి ఫింటన్ డెవరో ముఖం చెక్కుచెదరలేదు.

"ఎవరు సార్?" తెలిసే అడిగాడు.

"ఇల్వా. నీ స్వీడన్ పేకాట ఛాంపియన్. పాస్‌పోర్టు దొంగది, పుట్టింది సోవియట్ రీగాలో. మనకి వాళ్ళ గుట్టు చెబుతున్నట్టు నటించి, మన గుట్టంతా మాస్కోకి చేరవేసింది. ఇవాళ ఫైనల్లో ఆమెకి ఎదురు కూర్చునేది వోజ్నియాక్, పోలండ్ రాడార్ ఇంజినీరు. ఆట ముగిశాక మన శరణు కోరతాడు. ఈలోగానే లేపేస్తారు. ఆమె 'ఆల్ ఇన్' అని పందెం బిళ్ళలన్నీ ఒడ్డితే అదే సిగ్నల్. జనం ఎగబడతారు కదా, ఆ తోపులాటలో పని కానిచ్చేస్తారు."

"హంతకుడెవరు?"

"అదే తెలీదు. ఆట ఆపితే వాడు దొరకడు. వెళ్ళి చూస్తూ ఉండు. మీ ఇద్దరి సంగతి నేనడగను."

షానన్ కప్ పేకాట పోటీ ఒక పబ్ వెనక గదిలో పుట్టింది. పందేల దుకాణం నడిపే లోర్కన్ తన మిత్రులతో మొదలుపెట్టాడు. మొదటి ఏడాది కప్పు కొనడం మరిచిపోయి, గెలిచినవాడి చేతిలో టీ కెటిల్ పెట్టారు. విమానాశ్రయం పక్కనే కాబట్టి మరుసటేడు అమెరికన్లు దిగారు. ఆ పై ఏడాది ఫిన్లండ్ వాళ్ళు, వాళ్ళతోపాటు ఇల్వా. పేకాటరాయుడి వేషంలో ఉన్న ఫింటన్‌ని తొలిరోజే ఊడ్చేసి, "నీ మొహం మీద అన్నీ పెద్దక్షరాలే!" అని నవ్వింది. అప్పటినుంచి అతనికి ఏడాదంటే ఈస్టరే. మిగతాదంతా ఎదురుచూపే.

మధ్యాహ్నం హాలు కిక్కిరిసింది. ఆకుపచ్చ పట్టుగౌనులో ఇల్వా. బల్ల చుట్టూ కట్టిన తాడు దగ్గర ఫింటన్, చెవిలో గింజంత రేడియో. బల్ల మీద ఇద్దరికీ ఉమ్మడిగా తెరిచిన ముక్కల్లో రెండు రాణులున్నాయి. వోజ్నియాక్ తన బిళ్ళలన్నీ ముందుకు తోశాడు.

ఇల్వా తన ముక్కల అంచులు ఎత్తి చూసింది. చెయ్యి బిళ్ళల వైపు కదిలింది. కుర్చీలు కిర్రుమన్నాయి. రేడియోలో కల్నల్ గొంతు: "రెడీ!"

ఆమె తలెత్తి ఫింటన్‌ని చూసింది. వీడ్కోలప్పుడు విమానాశ్రయంలో ఏటా చూసే చూపు.

"డ్రాప్," అని ముక్కలు బోర్లా పడేసింది.

హాలు ఉస్సురంది. ఎవరూ లేవలేదు. లేచే జనంలో కలిసిపోదామని ముందే కదిలిన వెయిటర్ ఒక్కడూ ఇంజినీరు వెనక నిలబడిపోయాడు, చేతి మీద తెల్ల తువ్వాలుతో. తువ్వాలు కింద సూది మెరిసింది. ఫింటన్ తాడు మీంచి దూకి వాడి మణికట్టు మెలితిప్పాడు. వోజ్నియాక్ మెడకి గుచ్చుకోవాల్సిన సూది బల్ల గుడ్డలో దిగబడింది.

కల్నల్ మనుషులు వాణ్ణి పట్టుకున్నారు. ఆ గోలలో ఫింటన్ ఇల్వా పడేసిన ముక్కలు తిప్పాడు. మిగతా రెండు రాణులు! ఆడి ఉంటే కప్పు ఆమెదే. చప్పున వాటిని పేకలో కలిపేశాడు.

వంటగది వెనక నడవలో ఆమెను అందుకున్నాడు.

"ఉండిపో ఇల్వా. మేం కాపాడతాం."

"నన్ను కాపాడతారు. రీగాలో మా చెల్లినో? నేను విమానం ఎక్కకపోతే దాన్ని సైబీరియా రైలెక్కిస్తారు." ఆమె హాలు వైపు చూసింది. "నా ముక్కలు చూశావా?"

"కలిపేశాను. నీకు చెత్త ముక్కలు పడ్డాయి, డ్రాప్ చేశావు. అంతే. మీవాళ్ళకి ఇంకోటి తెలీదు."

ఆమె అతని కోటు పట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

"నాతో అన్నవన్నీ అబద్ధాలేనా?"

"నేనిచ్చిన వార్తలన్నీ అబద్ధాలే. నిన్ను మాత్రం ఒక్కసారీ మోసం చెయ్యలేకపోయాను, పిచ్చోడా."

అతను తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు. ఆమె వానలోకి వెళ్ళిపోయింది.

"ఎక్కడావిడ?" కల్నల్ అడిగాడు.

"తప్పించుకుంది సార్."

కల్నల్ అతని తడిసిన కోటునీ, ఎర్రబడ్డ కళ్ళనీ చూశాడు. జేబురుమాలు తీసిచ్చి బయటికి నడిచాడు.

తర్వాత ఆమె కబురు లేదు. ఆ చెల్లి ఏమైందో కూడా తెలీదు.

మరుసటి ఈస్టరుకి బార్‌లో లోర్కన్ భుజం తట్టాడు. "నీ స్వీడన్ పిల్ల రాలేదేం? మనిషి అందగత్తే గానీ, బ్లఫ్ చెయ్యడం బొత్తిగా రాదయ్యా!"

ఫింటన్ గ్లాసు దించాడు.

"నిజమే లోర్కన్. ఐర్లండ్ మొత్తమ్మీద ఆమె బ్లఫ్ నమ్మిన మొద్దుని నేనొక్కణ్ణే."